జరీ అంచు ఆకు

ఎవరింట్లోనైనా అక్కాచెల్లెళ్ళు మాటలు మానేశారంటే దాని వెనక ఇల్లో, స్థలమో, నగలో ఉంటాయి. మా అమ్మా పెద్దమ్మా ఒక ఆకు గురించి మాటలు మానేశారు. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. బయటివాళ్ళకు చెప్పేటప్పుడు నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. కానీ ఆ ఆకు పుణ్యమా అని నా చిన్నతనంలో మంచి భాగమంతా ఒక గదిలో ఉండిపోయింది. ఆ గది దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోతుంది.

ఆ గది పెద్దమ్మది. కింద మందుల దుకాణం, పైన మూడో అంతస్తులో ఆవిడ గది. పగలంతా ఆ దుకాణంలోనే ఉద్యోగం. పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "చేసుకుంటే ఈ కుండీలు ఎక్కడ పెట్టుకోను?" అనేది. అది వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు పెద్ద కిటికీలకూ అడ్డంగా అరలు కట్టించింది. ఆ అరల మీద టానిక్కు కొలిచే చిన్న కప్పులు, సీసా మూతలు, కోడిగుడ్ల అట్టలు. వాటిలో మొక్కలు.

మామూలు మొక్కలైతే నేనింత గుర్తుపెట్టుకునేదాన్ని కాను. ఒకటి అచ్చం గులకరాయి. ఏడాదికోసారి మధ్యలో చీలి, ఆ చీలికలోంచి ఇంకో జత రాళ్ళను కనేది. ఇంకోదాని ఆకుల చివర్లు గాజులాగా ఉండేవి, వెలుతురు వాటిలోంచి లోపలికి దిగడం కనిపించేది. పూసల దండలా కిందికి జారేది ఒకటి. ముళ్ళ కాడ మీద ఎర్రటి బంతిని అతికించినది ఒకటి. దానికి తల ఒకరిది, మొండెం ఒకరిది. అన్నీ దళసరి ఒంటివే, నీళ్ళు లోపల దాచుకుని బతికేవే.

సెలవులు ఇవ్వగానే అమ్మ నన్ను అక్కడ దింపేసేది. పెద్దమ్మ దుకాణం నుంచి మందుల వాసనతో పైకొచ్చి, చేతులు కడుక్కుని, పట్టకారు నా చేతిలో పెట్టేది. ఆకు తెంపడం నేర్పింది. "లాగకు. అటూ ఇటూ మెల్లిగా ఊపు. మొదలుతో సహా ఊడి రావాలి. మొదలు కాడకే ఉండిపోయిందా, అది ఆకు కాదు, చెత్త." అలా తీసిన ఆకుల్ని పొడి మట్టి మీద వరసగా పడుకోబెట్టి వదిలేయాలి. నీళ్ళు పోయకూడదు. ఆ పోయకూడదు అన్నదే నాకు మింగుడుపడేది కాదు. ఆవిడ కిందికి దిగగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందరికీ సమానంగా పోసేదాన్ని. రెండ్రోజులకు ఆకులు జావగారిపోయేవి. అందుకే నాకు 'తడిచెయ్యి' అని పేరు పెట్టింది.

"ఏమే తడిచెయ్యీ, మళ్ళీ ముంచేశావా?"

"వాటికి దాహమేస్తోంది పెద్దమ్మా."

"వాటికి దాహం వేయట్లేదు. నీకు తోచట్లేదు."

ఆ మాట ఇప్పటికీ నాకు పనికొస్తోంది, మొక్కల విషయంలోనే కాదు.

ముంచకుండా వదిలేసిన ఆకులు మాత్రం అద్భుతం చేసేవి. ముడతలు పడి, వాడి, ఇంక ఊడ్చి పారేయాల్సిందే అనుకున్న ఆకు మొదట్లో గులాబీ రంగు వేరు తొంగిచూసేది. ఆ తర్వాత ఆవగింజంత మొక్క, ఆ ఆవగింజకు కూడా బుల్లి ఆకులు. నేను అరిచి గోల చేసేదాన్ని. పెద్దమ్మ కళ్ళజోడు పైకి నెట్టి వంగి చూసి, "అచ్చు తల్లి పోలికే" అనేది. ఏ ఆకు నుంచి ఏ పిల్ల వచ్చినా అదే మాట. సాయంత్రం ఎండ ఆ అరల మీదుగా మంచం దాకా పాకేది. నేనూ పెద్దమ్మా బ్రెడ్డు ముక్కలు టీలో ముంచుకుని తింటూ కూర్చునేవాళ్ళం. అంతకన్నా గొప్పగా నా జీవితంలో ఏ సెలవులూ గడవలేదు.

ఆ గదిలో ఒక్క మొక్కకు మాత్రం సొంత ఆసనం ఉండేది. మంచం పక్కన ఎత్తు స్టూలు, దాని మీద మట్టికుండీ, కుండీలో జరీ. పొట్టి కత్తుల్లాంటి మందపాటి ఆకులు, ముదురు ఆకుపచ్చ, ప్రతి ఆకు చుట్టూ వంకర పోకుండా పసుపు అంచు. అది అమ్మమ్మ పెంచిన మొక్క. అమ్మమ్మ బట్టలు కుట్టేది కాబట్టి ఆ పేరు పెట్టింది. ఆవిడ పోయాక కుట్టుమెషిన్ అమ్మకు, మొక్క పెద్దమ్మకు వచ్చాయి. మా ఇంటి ఆస్తి పంపకాలు అంతటితో సరి. అప్పుడు ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. అమ్మమ్మ ఎవరికైనా ఆ మొక్క ఇవ్వాల్సి వస్తే, మట్టిలో పక్కనుంచి పొడుచుకొచ్చిన పిలకను వేరుతో సహా కోసి ఇచ్చేదట. అలాగే ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆవిడకు మాత్రం తెలుసో లేదో.

ఇంతలో నాన్నకు దూరపు ఊరికి బదిలీ అయింది. సామాన్లన్నీ కట్టేశాక అమ్మ చెప్పిపోదామని పెద్దమ్మ గదికి వచ్చి, జరీ ముందు నిలబడిపోయింది.

"అక్కా, నాకు దీని పిలక ఒకటిస్తావా? అమ్మ ఉన్నట్టుంటుంది."

పెద్దమ్మ మట్టి పక్కకు జరిపి చూసింది. ఆ ఏడు అది పిలక వేయలేదు. "వేశాక పంపిస్తాలేవే," అంది. అమ్మ సరేనంది గానీ కళ్ళు నిండాయి. అది పెద్దమ్మ చూడలేకపోయింది. కత్తి మంట మీద కాల్చి తెచ్చి, మొక్కలో అన్నిటికన్నా పొడుగ్గా, నిండుగా అంచున్న ఆకును మొదట్లోకి కోసింది.

"అయ్యో, అది కోస్తే మొక్క బోసిపోతుందక్కా!"

"పోనీలే. నీకు చచ్చు ఆకు ఇస్తానా?"

కోసిన చోట కుళ్ళకుండా దాల్చినచెక్క పొడి అద్ది, కాగితంలో చుట్టి ఇచ్చింది. రైల్లో దారి పొడుగునా అమ్మ ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. పెట్టెలూ, నన్నూ నాన్న చూసుకున్నాడు.

కొత్త ఇంట్లో తను బట్టలు కుట్టే మెషిన్ పక్క కిటికీలో ఆకు నాటింది అమ్మ. వేరు పట్టింది. చాన్నాళ్ళకు మట్టిలోంచి గోరు మొనంత పిలక లేచింది. అమ్మ ఆనందం పట్టశక్యం కాలేదు. పిలక పచ్చగా ఉంది. "పసిది కదా, పెరిగితే అంచు పడుతుంది," అంది. పెరిగింది. అంచు పడలేదు. ఇంకో ఆకు వేసింది, దానికీ లేదు. అమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూసేది. నాన్న అమ్మ మొహం చూసి మాట్లాడే మనిషి. అమ్మ ఆశగా ఉంటే "వచ్చేస్తుందిలే" అనేవాడు, దిగులుగా ఉంటే "ఇక రాదేమో" అనేవాడు. చివరికి తల్లి ఆకు వయసైపోయి ఎండి రాలిపోయింది. నిలువెల్లా పచ్చగా పిల్ల ఒక్కటే మిగిలింది.

అమ్మ ఫోన్ చేసింది. మాట వేళాకోళంగానే మొదలైంది.

"అక్కా, నీ జరీకి అంచు ఊడిపోయిందే!"

"ఊడదు. ఆకు నుంచి వచ్చింది తల్లిలాగే ఉంటుంది. నా గదిలో వందసార్లు చూశాను. నీళ్ళెక్కువ పోసి కుళ్ళబెట్టి ఉంటావు."

"కుళ్ళబెడితే ఈ పిలక ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అదే నేనూ అడుగుతున్నా, ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

అంతే. చిలికి చిలికి గాలివాన అయింది. అమ్మకు ముందే ముక్కు మీద కోపం. అమ్మమ్మ ఎప్పుడూ పిలకే ఇచ్చేదన్న సంగతి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. "నీకు తెలియని మొక్క సంగతులున్నాయా? ఆకు నుంచి అంచు రాదని నీకు తెలుసు. తెలిసే ఇచ్చావు. అమ్మ మొక్క నీ ఒక్కదాని దగ్గరే ఉండాలని!" అంది. తన మొక్కను తనే బోడి చేసుకుని ఆకు కోసిచ్చిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో అమ్మ ఆలోచించలేదు. పెద్దమ్మ కూడా తక్కువ తినలేదు. "ఉన్న ఒక్క ఆకునూ చంపుకుని, సంతలో పచ్చమొక్క తెచ్చుకుని, నా మీద పడి ఏడుస్తావేం? అబద్ధాలకోరువి!" అంది. ఫోన్ పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం నుంచి వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఎడమొహం పెడమొహం. నా సెలవులు పోయాయి. "పెద్దమ్మ దగ్గరికి వెళ్తానమ్మా" అంటే, "వెళ్ళు. అక్కడే ఉండిపో" అనేది. ఉండిపొమ్మంటే ఉండిపోయేదాన్నే, కానీ చిన్నదాన్ని, టికెట్టు ఎవరు కొంటారు?

అమ్మ కోపం ఊరికే కూర్చునే రకం కాదు, పని చేస్తుంది. ఆ పచ్చమొక్క పిలకలు వేసినప్పుడల్లా వీధిలో ఒకరికి ఇచ్చేది. "మా అక్క ఇచ్చిన మొక్కండీ. చూడండి, పసుపు అంచు ఎంత బాగుందో!" అనేది. వాళ్ళు అంచు కోసం వెతికి తెల్లమొహం వేసేవాళ్ళు. అప్పుడు మొత్తం కథ వినిపించేది. కొన్నేళ్ళకు మా వీధిలో ఆ మొక్క లేని కిటికీ లేకుండా పోయింది, ఆ కథ వినని చెవీ లేకుండా పోయింది.

నేను పెరిగి పెద్దదాన్నయ్యాను. ఉద్యోగం వచ్చింది. ఆఫీసు కిటికీలో నాకూ కుండీలున్నాయి. ఆకులు పరిచి, నీళ్ళు పోయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. పెద్దమ్మకు పండగలకూ పబ్బాలకూ అమ్మకు తెలియకుండా ఫోన్ చేసేదాన్ని. "బాగున్నావా? మొక్కలు బాగున్నాయి. ఉంటా," అనేది. అమ్మ ఊసు నేనెత్తితే ఫోన్ పెట్టేసేది.

ఒకరోజు ఆవిడే చేసింది.

"ఏమే తడిచెయ్యీ, జరీ వాలిపోయిందే."

అమ్మకు ఆఫీసు పని అని చెప్పి బయల్దేరాను. పెద్దమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు స్నేహితురాలింట్లో ఉందట. గది తాళం పక్కింటి ముసలాయనకు ఇచ్చిందట. అన్నిట్లోకీ అందంగా ఉందని ఆయన జరీకి రోజూ పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. ఇంకో తడిచెయ్యి. పాపం, నేను వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

గది అలాగే ఉంది, అవే అరలు, అదే ఎండ. నేను గుమ్మంలో నిలబడి ఆ వాసన పీల్చుకున్నాను. పెద్దమ్మ మాత్రం చిన్నదైపోయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని స్టూలు పక్కన కూర్చుని ఉంది. జరీ చుట్టూ కుండీ నిండా పిలకలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఇన్నేళ్ళలో ఒక్కటీ విడదీయలేదు.

"ఇన్ని పిలకలు వేస్తే ఎవరికీ ఇవ్వలేదా పెద్దమ్మా?"

"ఇస్తే ముందు మీ అమ్మకివ్వాలి. దానికివ్వకుండా పైవాళ్ళకి ఎలా ఇస్తాను?"

ఇదీ మా వాళ్ళ పంతం. కుండీ బోర్లించాను. దుర్వాసన. మట్టి కింద దుంప గోధుమరంగు గుజ్జయిపోయింది. పిలకలన్నీ ఆ దుంప పిల్లలే. పట్టుకుంటే ఒక్కొక్కటీ మొదట్లో తెగి చేతిలోకి వచ్చింది. వేరున్నది ఒక్కటీ లేదు. ఆకుల పైభాగాలు మాత్రం గట్టిగా ఉన్నాయి, పసుపు అంచులు చెక్కుచెదరలేదు.

పెద్దమ్మ ఒక ఆకును వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. "ఇది పోతే ఇంక మా అమ్మ లేనట్టేనే," అంది. ఆవిడ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు కనపడదు కదా అని ఏడ్చాను.

"ముక్కు ఎగబీల్చకు, కత్తి కాల్చుకురా. ఆకులున్నాయిగా. ఆకు నుంచి తెప్పిద్దాం," అంది. అంతలోనే ఉషారు తెచ్చుకుంది. "ఆకు నుంచి అంచుతో ఎలా వస్తుందో చూడు. వచ్చాక ఒకటి పట్టుకెళ్ళి మీ అమ్మ మెషిన్ మీద పెట్టు."

మా ఇంట్లో పచ్చది రావడం చూశాను గానీ, అది ఆ ఒక్క ఆకు తప్పేమో అనుకున్నాను; అసలు సంగతి నాకూ తెలియదు మరి. తెలిస్తే చెప్పకపోదునా! ఆవిడ చెబుతుంటే నేను కోశాను. బాగున్న ఆకులన్నిటినీ ముక్కలు చేసి, కిందివైపు కిందే ఉండేలా గుర్తు పెట్టి, కోతలు ఆరనిచ్చి, పొడి అద్ది, కప్పుల్లో నాటాము. ఆ తర్వాత పని ఏమీ లేదు, కనిపెట్టుకుని ఉండడమే. నెలలు గడిచాయి. పెద్దమ్మ చూపు తిరిగొచ్చింది. ఫోన్లో రోజూ ఒకటే వార్త: "వేళ్ళు పట్టాయి." ఆ తర్వాత: "మొన వచ్చింది." ఆ తర్వాత కొన్నాళ్ళు ఫోన్ లేదు.

చివరికి, "ఒకసారి రావే," అంది.

వెళ్ళాను. కిటికీ కింద బల్ల మీద కప్పులన్నీ వరసగా పెట్టి ఉంచింది. ప్రతి కప్పులోనూ పసుపు అంచున్న పాత ఆకుముక్క, దాని పక్కన నిలువెల్లా పచ్చగా పిల్ల. ఒకటి కాదు, రెండు కాదు. అన్నీ అంతే.

"నా కళ్ళింకా కుదురుకోలేదేమో. నువ్వు చూడు. ఎక్కడైనా గీతంత పసుపుందా?"

ప్రతి కప్పూ ఎత్తి ఎండకు పెట్టి చూశాను. చిన్నప్పుడు అమ్మ చూసినట్టే తిప్పి తిప్పి చూశాను.

"లేదు పెద్దమ్మా."

కొన్ని మొక్కలంతే. అంచు రంగు దుంప నుంచి పిలకకు వెళ్తుంది గానీ, కోసిన ఆకు నుంచి పిల్లకు రాదు. ఆ గదిలోని మిగతా మొక్కలన్నీ తల్లి పోలికతో పుట్టాయి కాబట్టి, ఇదీ అలాగే పుడుతుందని ఆవిడ నమ్మింది.

పెద్దమ్మ కప్పుల్ని ఒక్కొక్కటే మళ్ళీ వరసలో పెట్టింది.

"అయితే మీ అమ్మ నిజమే చెప్పింది."

"నువ్వు మాత్రం అబద్ధం చెప్పావా? నీకు తెలియదుగా."

"తెలియకపోతే నోరు మూసుకోవాలి. నేను దాన్ని అబద్ధాలకోరువి అన్నాను." లేచింది. ఒక కప్పు తీసి కాగితంలో చుట్టింది. "పద. ఇప్పుడే. రేపైతే నాకు ధైర్యం చాలదు."

రైలు దిగి మా వీధిలోకి వచ్చేసరికి పెద్దమ్మ నడక మెల్లబడింది. మొదటి కిటికీలో పచ్చమొక్క. రెండో కిటికీలో పచ్చమొక్క. పాలబూత్ కౌంటర్ మీద కూడా ఒకటి. "ఇదేంటే, ఇంత మందికా?" అంది. నేను వినపడనట్టు నడిచాను. పాలబూత్ ఆవిడ మమ్మల్ని ఆపింది.

"ఎవరండీ ఈవిడ, మీ చుట్టాలా?"

"కుట్టుపనావిడకి అక్కనండీ," అంది పెద్దమ్మ.

పాలబూత్ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "ఓహో! ఆ ఆకు అక్క మీరేనా!" అనేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ మాత్రం, "నేనేనండీ," అని తలూపి ముందుకు నడిచింది.

అమ్మ మెషిన్ మీద ఉంది. గుమ్మంలో నీడ పడితే తలెత్తింది. కాలు పెడల్ మీదే ఉండిపోయింది. నాన్న పేపరు దించి, ఇద్దరి మొహాలూ చూసి, ఏ మొహానికి ఏ మాట అనాలో తేలక మళ్ళీ పేపరెత్తాడు.

పెద్దమ్మ పొట్లం విప్పి కప్పును మెషిన్ మీద పెట్టింది. పసుపు అంచు ఆకుముక్క, పక్కన పచ్చటి పిల్ల. "ఆకు నుంచి పచ్చదే వస్తుందే. నాకు నిజంగా తెలియదు. నిన్ను అనరాని మాట అన్నాను," అంది.

ఇంక మొదలవుతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అమ్మ ఈ క్షణం కోసమే కూర్చుంది. ఇలా జరిగితే ఏమనాలో వీధి మొత్తానికి ముందే చెప్పి ఉంచింది. కానీ అమ్మ పిల్లను చూడలేదు. ఆ ఆకుముక్కనే చూసింది, దానికి రెండు వైపులా ఉన్న కత్తికోతను చూసింది.

"దీన్నెందుకు ముక్కలు చేశావు? జరీ ఏదీ?"

"పోయింది. కుళ్ళిపోయింది. పిలకలు కూడా దక్కలేదు."

అమ్మ మొహం పాలిపోయింది. అమ్మమ్మ పోయిన రోజు ఎలా కూర్చుందో నాకు గుర్తులేదు గానీ, ఇలాగే కూర్చుని ఉంటుంది.

"పోయిందా?" అంది. "అది నీ దగ్గర పచ్చగా ఉందిలే అన్న ధైర్యంతోనే కదక్కా, నేనిన్నాళ్ళూ కోపంగా ఉన్నది!"

పెద్దమ్మ మెషిన్ పక్కన నేల మీదే కూలబడింది. అమ్మ స్టూలు దిగి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చారు. నేను అడ్డం పోలేదు. కాసేపటికి అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తన మామూలు గొంతులోకి వచ్చింది.

"అది వాలిపోయినప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేదానివా?"

అమ్మ నిజాయితీగా ఆలోచించింది.

"వచ్చేదాన్ని కాదు," అంది. "అయినా నువ్వు పిలవాల్సింది."